సర్కారు బడి ఆటలకు బిచ్చమెత్తాలెనా?

జనవరి నెల పడిందంటే సర్కారు ప్రాథమిక బడి పంతులుకు రెండు పనులు మీద పడతాయి. ఒకటి, జెండా పండుగకు ముందు పిల్లలకు ఆటల పోటీలు పెట్టడం. రెండోది, ఆ పోటీల బహుమతుల కోసం ఊరంతా తిరగడం. మొదటిది ఆయన కొలువు. మరి రెండోది ఎవరి కొలువు? ఏ నియామక పత్రంలో రాసి ఉన్నది? ఏ డీఎస్సీ పరీక్షలో అడిగిన ప్రశ్న అది?

కిరాణం సేటు దగ్గర పెన్నులు. ఎరువుల దుకాణం ఆసామి దగ్గర స్టీలు పళ్ళాలు. పట్నంలో కొలువు చేసే పూర్వ విద్యార్థికి ఫోన్ల మీద ఫోన్లు. మైకు సెట్టు ఆయనకు 'ఈసారికి ఎట్లనన్న సర్దన్నా' అని బతిమాలుడు. చాక్లెట్లు, బిస్కెట్లు పంతులమ్మ సొంత పర్సులోంచి. ఇట్లా తలా ఇంత అడుక్కొని పోగుచేసిన సామానుతో చెంచా నిమ్మకాయ, గోనెసంచి పరుగు, కుర్చీలాట, కప్పగంతులు, తాడు గుంజుడు, ఖోఖో, కబడ్డీ. పిల్లలకు ఈ గోస ఏం తెలుసు? గెలిచిన పిల్ల పళ్ళెం నెత్తిమీద పెట్టుకొని ఇంటికి ఉరుకుతుంది. ఓడిన పిల్లగాడు రెండు నిమిషాలు ఏడ్చి మూడో నిమిషం మళ్ళా ఆటలో దూకుతాడు. ఆ సంబురంలో అబద్ధం లేదు. అబద్ధమంతా పెద్దమనుషుల లెక్కల్లో ఉన్నది.

'ఇంత చిన్న ముచ్చటకు ఇంత రాత అవసరమా?' అనేవాళ్ళుంటారు. చిన్న బడి, చిన్న పిల్లలు, చిన్న పండుగ. అందుకే కదా ఇన్నేండ్ల సంది ఈ మోసం ఎవరి కంటా పడకుండా నడుస్తున్నది! ఆట పిల్లల హక్కు. ఆ హక్కును పాలకులు దాతల దయకు వదిలేశారు. ఇంతే ముచ్చట. కానీ ఇందులోనే ఊరి బడి బతుకూ చావూ ఉన్నాయి.

రోజుకు ఇరవై ఐదు రూపాయల ఆట

ముందుగాల లెక్కలు చూద్దాం. 2018లో కేంద్రం పాత పథకాలను కలిపి 'సమగ్ర శిక్ష' తెచ్చింది. అందులో ఆటలకు, వ్యాయామ విద్యకు ప్రాథమిక బడికి ఏడాదికి పెట్టింది 5,000 రూపాయలు. ప్రాథమికోన్నత బడికి 10,000. హైస్కూలుకు 25,000. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడి ఏడాదికి 200 రోజులు నడవాలె. 5,000ను 200తో భాగిస్తే రోజుకు 25 రూపాయలు. ఒక్క పిల్లకు కాదు, బడి మొత్తానికి! నలభై మంది పిల్లలున్న బడిలో తలకు రోజుకు అరవై రెండున్నర పైసలు. ఇయ్యాల అర్ధ రూపాయి బిళ్ళ ఎక్కడన్నా కండ్ల పడుతున్నదా? సర్కారు మాత్రం మన పిల్లల ఆటను ఇంకా పైసల్లోనే తూకం వేస్తున్నది.

'ఆటలకు వేరే గ్రాంటు తక్కువైతే బడి గ్రాంటు ఉన్నది కదా' అంటారు అధికారులు. అది కూడా చూద్దాం. 30 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 10,000. 31 నుంచి 100 మంది దాకా ఉంటే 25,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, పగిలిన నల్లా, కాలిపోయిన బల్బు, ఊడిన తలుపు గొళ్ళెం, అన్నీ అందులోంచే. కనీసం పది శాతం స్వచ్ఛతకే పెట్టాలని షరతు కూడా ఉన్నది. మిగిలినదాంట్లో జెండా పండుగ ఖర్చు సర్దుకోవాలె. అది కూడా బడి తెరిచిన నాడే చేతికి వస్తుందా అంటే అదీ లేదు. విడతలు విడతలుగా వస్తుంది. విద్యా సంవత్సరం ఒడిసే ముందు వచ్చి, 'వెంటనే ఖర్చు పెట్టి లెక్కలు పంపుండ్రి' అని హుకుం జారీ అయిన ఏండ్ల గురించి ఏ పంతులునడిగినా చెబుతారు.

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినం. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టిన రోజు. ఆ నాడు అన్ని బడుల్లో ఆటలు ఆడించాలె, ఫొటోలు తీసి పైకి పంపాలె. ఫొటో పంపమనే సర్కారుకు బంతి పంపాలనే సోయి ఎందుకు లేదు?

చట్టంలో మైదానం, ఊళ్ళో ముళ్ళకంప

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని షెడ్యూలు తీసి చూడండి. తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీళ్ళు, వంటగది, ప్రహరీ గోడల సరసన ఆటస్థలం కూడా రాసి ఉన్నది. ప్రతి తరగతికీ అవసరమైన ఆట వస్తువులు, క్రీడా సామగ్రి ఇవ్వాలని కూడా ఉన్నది. ఇవి దానధర్మాల పట్టికలో ఉన్న వస్తువులు కావు. పార్లమెంటు చేసిన చట్టంలో ఉన్నవి. ఈ కట్టడాలు, మైదానాల పని మూడేండ్లలో పూర్తి చేయాలని గడువు పెట్టారు. 2013 మార్చి 31తో ఆ గడువు తీరింది. చట్టం వచ్చిన నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఇయ్యాల ఓటు వేస్తున్నది. ఆమె చెల్లెండ్లు, ఆ చెల్లెండ్ల తర్వాతి పిల్లలు చదివే ఎన్నో బడుల్లో మాత్రం ఆటస్థలమంటే వంటగది వెనుక నాలుగు గజాల జాగా.

అదే చట్టంలో ఇంకో మెలిక ఉన్నది. వ్యాయామ విద్య నేర్పేందుకు పార్ట్‌టైం బోధకుడు ఎవరికట? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికట! ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుడి ఊసే లేదు. అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు చాలని అదే షెడ్యూలు చెబుతున్నది. ఐదు తరగతులు, ఇద్దరు పంతుళ్ళు. ఒకరు మధ్యాహ్న భోజనం లెక్క ఫోనులో ఎక్కిస్తుంటే, ఇంకొకరు మూడు తరగతులను ఒక్క గదిలో కూర్చోబెట్టి చదివించాలె. మరి ఈల ఊదేదెవరు? ఎముకలు కుదురుకునే ఈడులో, ఉరకడం, దుంకడం, పట్టడం, విసరడం నేర్చే ఈడులో గురువు వద్దు. అన్నీ గట్టిపడ్డంక, హైస్కూలుకు పోయినంక గురువు కావాలె. ఇదేం నీతి?

తెలంగాణలో 2024లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. మొత్తం పోస్టులు 11,062. అందులో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు 182. నూటికి రెండు కూడా కాదు. బీపీఈడీ, డీపీఈడీ చేసి మైదానాల చుట్టూ తిరిగే నిరుద్యోగ తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఈ అంకెను యాదిలో పెట్టుకోవాలె. మీకు కొలువు లేకపోవుడూ, మా పిల్లలకు ఆట లేకపోవుడూ ఒక్కటే ముచ్చట. రెండింటికీ కారణం ఒకే సంతకం.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడబట్టి ఆ పరుగు లోకానికి తెలిసింది. పతకం వచ్చినంక ఫ్లెక్సీలు కట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. పతకం రాకముందు ఆ పిల్ల కాళ్ళలో ఉన్న వేగాన్ని చూసింది ఒక పంతులు కన్ను. ఆ కన్ను లేని ఊళ్ళెన్ని? ఆ ఊళ్ళలో ఉరికి ఉరికి ఆగిపోయిన దీప్తిలెందరు? ఈ లెక్క ఏ శాఖ దగ్గరా ఉండదు. ఎందుకంటే చూడనిదానికి లెక్క ఉండదు.

పన్నెండు పనుల్లో లేని పదమూడో పని

సర్కార్లు ఏమీ చేయలేదని అంటలేం. చేసినదాంట్లో ఆట ఎక్కడుందని అడుగుతున్నం.

2022 మార్చిలో అప్పటి ప్రభుత్వం 'మన ఊరు – మన బడి' మొదలుపెట్టింది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, మూడు దశలు అని ప్రకటించింది. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్ళు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీలు, వంటగదులు, కొత్త గదులు, హైస్కూళ్ళలో భోజనశాలలు, డిజిటల్ పాఠాలు. మొత్తం పన్నెండు పనులు. గోడకు రంగు ఉన్నది. గోడ ముందర ఆడుకునే జాగా ముచ్చట లేదు. అదే పథకంలో పెద్ద మొత్తం ఇచ్చిన దాతల పేర్లు గదులకు, బడులకు పెట్టుకునే వీలు మాత్రం కల్పించారు. మైదానానికి చోటు దొరకని కాగితంలో దాత పేరుకు చోటు దొరికింది!

అదే ఏడు జూన్ 2న 'తెలంగాణ క్రీడా ప్రాంగణాలు' వచ్చాయి. ఊరూరా మైదానమన్నారు. మంచి ఆలోచనే. కానీ జాగా దొరికిన చోట బోర్డు పాతారే తప్ప బడికి ఎంత దూరమని చూసినదెక్కడ? ఊరవతల చెరువు గట్టు దాపున పాతిన బోర్డు దగ్గరికి ఆరేండ్ల పిల్లను ఎవరు తోలుకపోవాలె? కొన్ని చోట్ల ఆ బోర్డు చుట్టూ కంపచెట్లు మొలిచి బోర్డే కనపడకుండా అయింది.

ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల అక్కచెల్లెండ్ల చేతికి బడి మరమ్మతులు ఇవ్వడం సంతోషమే. అక్కడ కూడా నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు దగ్గరే పని ఆగింది. అదే ఏడాది అక్టోబరులో ఇరవై, ఇరవై ఐదు ఎకరాల విస్తీర్ణంలో కట్టే 'యంగ్ ఇండియా' సమీకృత గురుకులాలకు శంకుస్థాపనలు చేశారు. గురుకులాల పిల్లలు కూడా మన పిల్లలే. 2014 మే 25న పదమూడేండ్ల ఈడులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థే. అవకాశమూ శిక్షణా దొరికితే మన పేదింటి బిడ్డ ఎంత ఎత్తుకు పోతుందో ఆమె చూపించింది. కాబట్టి వాళ్ళకు మైదానం వద్దని ఎవరూ అనరు. కానీ తల్లిదండ్రుల దగ్గర ఉండి ఊరి బడికి నడిచిపోయే ఆరేండ్ల పిల్ల ఏ పాపం చేసింది? ఆమెకు ఇరవై ఎకరాలు అడగలేదు. ఖోఖో స్తంభాలు రెండు పాతేంత జాగా అడుగుతున్నం.

దయ స్టేజీ ఎక్కిన నాడు

సర్కారు తప్పుకున్న జాగాలోకి దాత వస్తాడు. దాతలందరినీ ఒక్క గాటన కట్టలేం. పేరు చెప్పొద్దని బీరువా కొనిచ్చి మూల నిలబడి చూసి పోయినవాళ్ళున్నారు. పింఛను పైసల్లోంచి పిల్లలకు స్కిప్పింగ్ తాళ్ళు తెచ్చిన రిటైర్డు పంతుళ్ళున్నారు. వాళ్ళకు దండం పెట్టాలె. కానీ ఇయ్యాల ఊళ్ళలో పెరిగిపోతున్నది ఇంకో రకం దానం. పలక ఇచ్చి పలక కన్నా పదింతలు ఖర్చు పెట్టి ఫ్లెక్సీ కట్టే దానం.

ఆ రోజు ఎట్లుంటదో తెలిసిందే. పొద్దున తొమ్మిదికల్లా పిల్లలను వరుసగా కూర్చోబెడతారు. అతిథి పదకొండు దాటినా రాడు. ఎండ నెత్తిమీదికి వస్తుంది. ఆటల పోటీలు పెట్టిన నాడే ఆట బందు! కారు దిగినంక శాలువాలు, దండలు, ఉపన్యాసాలు. 'బాగా చదువుకొని గొప్పోళ్ళు కావాలె' అని గంటసేపు. ఆ తర్వాత అసలు ఘట్టం. ఒక్కొక్క పిల్లను పిలిచి, బ్యాగును ఒక కొస పిల్ల, ఒక కొస దాత పట్టుకొని, ఇద్దరూ కెమెరా దిక్కు చూడాలె. 'నవ్వు బిడ్డా' అంటారు. ఆ బిడ్డ ఎందుకు నవ్వాలె? తన బడికి రావలసినది తనకు వచ్చినందుకా? లేక తన తండ్రి కొనలేడని పదిమంది ముందర తేలినందుకా?

ఎవరింట్లో కష్టముందో, ఎవరికి తండ్రి లేడో, ఎవరి తల్లి బీడీలు చుడుతుందో మైకులో చెప్పి మరీ బ్యాగులిచ్చే కార్యక్రమాలున్నాయి. పేదరికం తప్పు కాదు. దాన్ని స్టేజీ ఎక్కించి ఫొటో తీయడం తప్పు. పిల్ల ఆ బ్యాగు చిరిగేదాకా మోస్తుంది. ఆ ఫొటో మాత్రం ఎప్పటికీ చిరగదు. ఎవరి ఫోనులోనో, ఎవరి ఎన్నికల కరపత్రంలోనో బతికే ఉంటుంది.

'ఇచ్చే చెయ్యినే తప్పుబడతారా?' అని కోపం వస్తుంది కొందరికి. ఇవ్వడాన్ని తప్పుబడుతలేం. ఇచ్చినవాడు బడికి యజమాని అయిపోవడాన్ని తప్పుబడుతున్నం. ఇంకో మాట కూడా చెప్పాలె. దాత వచ్చిన ప్రతిసారీ సర్కారు ఒక అడుగు వెనక్కి వేస్తున్నది. 2021లో కేంద్రం 'విద్యాంజలి' పేరుతో ఒక వేదిక తెచ్చింది. బడి తనకు కావలసినవి అందులో రాసుకోవాలె, దయగలవాళ్ళు చూసి ఇవ్వాలె. పన్నులు వసూలు చేసే సర్కారు, తన బడి అవసరాలను తానే దాతల ముందర పెట్టడమంటే ఏమిటి? చట్టంలోని సెక్షన్ 8 బడి కట్టడం, ఉపాధ్యాయులు, బోధన సామగ్రి సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత అని చెబుతున్నది. బాధ్యతను దయగా మార్చే మంత్రం ఇదే.

పిల్లల చేతికి హుండీ

ఇంకో వింత చూడండి. బిచ్చం కోసం నిలబెట్టిన పిల్లల చేతనే మళ్ళా చందాలు వసూలు చేయిస్తారు. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ సంక్షేమ నిధి జెండాలు. అక్టోబరు 2 నుంచి క్షయ నివారణ సీళ్ళు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. సైనికుల కుటుంబాలకు అండగా నిలవాలె, క్షయరోగికి మందూ తిండీ అందాలె. ఇందులో రెండో మాట లేదు. కానీ బడికి ఇన్ని అని లెక్కగట్టి పంపితే కూలినాలి చేసుకునే ఇంటి పిల్ల ఏం చేయాలె? పైసలు తేలేని పిల్ల తలకాయ దించుకుంటుంది. ఆ తలకాయ చూడలేక పంతులమ్మ తన పర్సు తీస్తుంది. పైకి మాత్రం 'విద్యార్థుల నుంచి వసూలు' అని లెక్క పోతుంది.

కొన్ని ప్రైవేటు బడుల్లో ఇంకా అధ్వాన్నం. పిల్లల చేతికి కార్డులిచ్చి బంధువుల ఇండ్లకు తోలుతారు. ఎక్కువ తెచ్చినవాళ్ళకు మెడల్. దయకు కూడా ర్యాంకులే! పిల్లలకు పరుల కష్టం తెలియాలె. అది రసీదు పుస్తకంతో తెలియదు. పక్క పిల్లకు చెప్పులు లేవని చూసి తనూ చెప్పులు విడిచి ఉరికే పిల్లకు తెలిసిన దయ ఏ కార్డుకూ తెలియదు.

అమ్మకానికి పెట్టిన వార్షికోత్సవం

ఇక ప్రైవేటు బడి పండుగ. ఫంక్షన్ హాలు, లైట్లు, పొగ, ఎల్‌ఈడీ తెర. పాటకింత, డ్రెస్సుకింత, ఫొటోకింత. రెండు నిమిషాల డాన్సుకు తండ్రి వారం కూలి పోతుంది. పైసలు కట్టని పిల్ల వెనుక వరుసలో చెట్టు వేషం వేస్తుంది. అయినా ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది. మరుసటి జూన్‌లో పచ్చ బస్సు వాకిట్లోకి వస్తుంది.

జూన్‌లో సర్కారు పంతుళ్ళు 'బడిబాట' అని ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పంపమని అడుగుతారు. ఆ తల్లి అడిగే మాట ఒక్కటే: 'సారూ, మీ బడిల ఆటలేడ? పాటలేడ?' చదువు ఎట్లుందో ఆ తల్లికి తూకం వేయడం కష్టం కావచ్చు. పిల్ల ముఖంలో సంబురం మాత్రం ఆమెకు తెలుస్తుంది. స్వయంపాలన దినం నాడు అమ్మ చీర చుట్టుకొని కలెక్టరమ్మ అయిన పిల్లను చూసిన తల్లి, గునుగు తంగేడు పువ్వు తెచ్చి బడి వాకిట్లో బతుకమ్మ ఆడిన తల్లి ఆ బడిని అంత సులువుగా విడిచిపెట్టదు. చిన్న బడికి పండుగ అలంకారం కాదు. ఊరికీ బడికీ నడుమ బొడ్డుతాడు. దాన్ని కోస్తే బడి ఊపిరి పోతుంది.

'పిల్లలు తక్కువ' అనే ఉరితాడు

అసలు కుట్ర ఇక్కడ ఉన్నది. 2020 జాతీయ విద్యా విధానం ఒక లెక్క చెప్పింది. 2016–17 నాటికి దేశంలోని సర్కారు ప్రాథమిక బడుల్లో దాదాపు 28 శాతం బడుల్లో ముప్పై మంది కన్నా తక్కువ పిల్లలున్నారట. అట్లాంటి చిన్న బడుల్లో ఆటలు, సంగీతం, కళలు నేర్పడమే లేదని, ఆటల సామాను కూడా ఉండదని అదే పత్రం ఒప్పుకున్నది. బడుల విలీనం ఆచితూచి చేయాలని కూడా రాసింది. కానీ పాలకులు మొదటి సగం చదివి రెండో సగం మడిచి పెడతారు.

వరుస చూడండి. చిన్న బడికి వ్యాయామ ఉపాధ్యాయుడిని ఇయ్యరు. మైదానం ఇయ్యరు. రోజుకు ఇరవై ఐదు రూపాయలు పడేస్తారు. ఆట లేని బడి నుంచి పిల్లలు పచ్చ బస్సు ఎక్కుతారు. అప్పుడు అధికారి వచ్చి, 'పిల్లలు తక్కువున్నరు, ఆటలు పాటలు లేవు, పెద్ద బడిలో కలుపుదాం' అంటాడు. కాళ్ళు కట్టేసి, ఉరకలేదని శిక్ష వేసినట్టు లేదూ ఇది?

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను హైస్కూళ్ళకు తరలించారు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కొట్లాడారు. 2025లో ఆ జీవో రద్దయింది. కొట్లాడితే జీవోలు వెనక్కి పోతాయి. కానీ నడుమ మూడేండ్లు పోయాయి. మూడేండ్లంటే ప్రాథమిక బడి పిల్లకు సగం బడి జీవితం.

చిన్న బడి ఎక్కడైనా ఖర్చుతో కూడుకున్నదే. ఇంగ్లండ్‌లో 2013లో ప్రాథమిక బడుల ఆటలకని ప్రత్యేక నిధి పెట్టారు. 2017లో దాన్ని రెట్టింపు చేశారు. తీపి కూల్‌డ్రింకుల మీద వేసిన పన్నును అందుకు చూపించారు. పదిహేడు మంది, అంతకు మించి పిల్లలున్న బడికి ఏడాదికి 16,000 పౌండ్లు, ఆపైన తలకు పది పౌండ్లు. అంతకన్నా చిన్న బడి అయితే తలకు వెయ్యి పౌండ్లు. 'చిన్న బడి కదా, మూసేద్దాం' అనలేదు. 'చిన్న బడి కాబట్టి తలకు ఎక్కువ ఇద్దాం' అన్నారు. అక్కడ కూడా తల్లిదండ్రుల సంఘాలు కేకులమ్మి, లాటరీ చీట్లమ్మి చందాలు పోగు చేస్తాయి. ధనవంతుల పేటలో చందా కుప్పలు పడుతుంది, పేదల పేటలో డబ్బా అడుగు కూడా నిండదు. అందుకే దానం మీద నడిచే ఆట ఎక్కడైనా ఉన్నోళ్ళ ఆటే అవుతుంది. వాళ్ళ సొమ్ముతో మన సొమ్మును పోల్చమని కాదు. వాళ్ళు వేసిన లెక్క పద్ధతి చూడమంటున్నం.

ఊరి చెయ్యి వేరు, దొర చెయ్యి వేరు

ఊరి సాయం వద్దంటలేం. ఊరి సాయమే లేకపోతే మన పల్లెల్లో సగం బడులు లేచేవి కావు. జాగా ఇచ్చిన రైతులు, మట్టి మోసిన కూలోళ్ళు, కర్ర కోసిన వడ్లాయన, అందరి చెమటతో గోడలు లేచాయి. అది చందా. తలా ఇంత వేసుకొని అందరిదీ అనుకునేది. అందులో ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ వేరు కాదు. దానం అట్లా కాదు. అందులో ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. మన తాతలు గడీల ముందర చేతులు కట్టుకొని నిలబడ్డారు. మన పిల్లలను మళ్ళా ఫ్లెక్సీల ముందర నిలబెట్టాలెనా?

2011 సకల జనుల సమ్మె కాలంలో, డిగ్రీ చదివే రోజుల్లో, మేము నడిరోడ్డు మీద కబడ్డీ ఆడినం, బతుకమ్మ ఆడినం, వంటావార్పూ చేసినం. ఆటను జెండాగా ఎత్తిన నేల ఇది. అట్లాంటి నేల మీద, స్వరాష్ట్రం వచ్చి పదేండ్లు దాటినంక, పిల్లల ఆటకు చిట్టీ పట్టుకొని దుకాణాల వెంట తిరగడం ఎవరికి అవమానం? పంతులుకా, పాలకులకా? బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలకు ఆడుకునే హక్కు ఉన్నదని చెబుతుంది. 1992లో భారతదేశం దానికి ఒప్పుకున్నది. ఒప్పుకొని ముప్పై ఏండ్లు దాటింది.

కాబట్టి అడగవలసినవి ఇవి.

ఒకటి: బడుల సముదాయాలు, అంటే స్కూల్ కాంప్లెక్సులు, ఇప్పటికే ఉన్నాయి. ఒక్కో కాంప్లెక్సుకు ప్రాథమిక బడుల కోసమే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడిని పెట్టాలె. వారానికి ఒక్క రోజన్నా ప్రతి చిన్న బడికీ వచ్చి ఆడించాలె. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. పోస్టులు మంజూరు చేసే మనసుంటే చాలు.

రెండు: ఐదు వేల గ్రాంటును పెంచాలె. తలల లెక్కన కాకుండా, ఎంత చిన్న బడి అయినా ఇంత కనీస మొత్తం అని పెట్టాలె. జూన్‌లోనే ఇవ్వాలె. జెండా పండుగకు, ఆటల పోటీలకు వేరే పద్దు ఉండాలె.

మూడు: బడికి పక్కనే ఉన్న సర్కారు జాగాను ఆటస్థలంగా సర్వే చేసి బడి పేర రాయాలె. కబ్జాలో ఉంటే విడిపించాలె. ఊరవతల బోర్డులు మాకు అక్కరలేదు.

నాలుగు: దాతలు ఇచ్చేది పంతులు చేతికో, స్టేజీ మీదో కాదు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానంతో బడి ఖాతాలోకి రావాలె. పిల్లను నిలబెట్టి వస్తువుతో ఫొటో తీయడం బందు కావాలె. ఏ పిల్లకు ఇచ్చారో ఇంకో పిల్లకు తెలియకూడదు.

ఐదు: పిల్లలకు జెండాలు, సీళ్ళు కోటా కట్టి అమ్మడం ఆపాలె.

ఉద్యోగ మిత్రులారా, ముఖ్యంగా ఉపాధ్యాయులారా! పీఆర్సీ కోసం, డీఏ కోసం కొట్లాడుతున్నారు. న్యాయమే. ఆ డిమాండ్ల పత్రంలో మొదటి పేజీలోనే పిల్లల ఆటను కూడా రాయండి. పర్సు తీసి పిల్లలకు చాక్లెట్లు కొనే మీ మంచితనానికి దండం. కానీ మీ పర్సు మూసుకున్న నాడే సర్కారు ఖజానా తెరుచుకుంటుంది.

విద్యార్థి తమ్ముళ్ళారా, చెల్లెండ్లారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు మీరు చదివిన బడికి పోండి. శాలువా కప్పించుకోవడానికి కాదు. పిల్లలతో ఒక పూట ఖోఖో ఆడండి. ఆటల గ్రాంటు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, సమాచార హక్కు కింద అడగండి. ఆ కాగితం గ్రామసభలో చదవండి.

తల్లులారా, తండ్రులారా! విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు మీరే ఉండాలె. సగం మంది ఆడవాళ్ళే ఉండాలె. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం ఆ కమిటీదే. సంతకం పెట్టమని కాగితం తెస్తే అందులో ఆటస్థలం ఉన్నదా అని అడగండి. లేకపోతే సంతకం పెట్టకండి.

ఈసారి జెండా పండుగకు బహుమతి చిన్నదైనా ఫరవా లేదు. ఊరి తుమ్మచెట్టు నీడన, ఊరి మనుషుల నడుమ పిల్లలు ఆడాలె. గెలిచిన పిల్లకు ఆ పిల్లను కన్న తల్లే లేచి బహుమతి ఇవ్వాలె. వేదిక మీద కుర్చీ ఒక్కటి ఖాళీగా ఉంచండి. దాని మీద 'సర్కారు' అని రాయండి. రావలసినవాడు ఇంకా రాలేదని ఊరంతా చూడాలె.